బస్తా మూతి పట్టనన్న మేడమ్

మేడమ్ పోయారన్న కబురు శుక్రవారం ఉదయం వచ్చింది. ఫోను చేసింది మా కాలేజీ ల్యాబు అటెండరు. ఒడియా మనిషి. ఆవిడ పక్కన పాతికేళ్లు పనిచేశాడు, నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం "మేడమ్ చాలిగలే" అని తన భాషలో ఒక్క మాట అని ఆగిపోయాడు. వెళ్లిపోయారు అని. నేను కోరాపుట్ దగ్గర ఒక కర్మాగారం టౌన్‌షిప్‌లో, ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. అప్పుడు నా చేతిలో ఎవరిదో రక్తం గొట్టం ఉంది. దాన్ని స్టాండులో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, ఎలా అని అడిగాను. కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే తల వాల్చేశారట.

కాసేపటికి అతను తెలుగులోకి వచ్చి రెండో కబురు చెప్పాడు.

"అమ్మీ, సోమవారం ల్యాబు ఖాళీ సేస్తన్నారు. మేడమ్ గొట్టాలన్నీ ఉడకబెట్టి పారీమన్నారు. నువ్వు బేగి రా."

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వచ్చింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లకి ఇలాగే అవుతుంది.

కొండల్లో సొరంగాలు దాటుకుంటూ రైలు రాయగడ చేరేసరికి నాగావళి ఒడ్డున అంతా అయిపోయింది. మర్నాడు కాలేజీ హాల్లో సంతాప సభ పెట్టారు. దండ వేసిన ఫోటోలో ఆవిడ నవ్వుతున్నట్టు కనిపిస్తారు. అది నవ్వు కాదు, ఫోటోగ్రాఫరు ఆలస్యం చేస్తుంటే వచ్చిన విసుగు. ఒకాయన లేచి "అందరితోనూ సర్దుకుపోయే మనిషి" అన్నాడు. ఇంకొకావిడ "పాపం, పెళ్లీ పిల్లలూ లేరు, వెనకాల ఎవరూ లేకుండా పోయారు" అంది. హాలంతా తలలూపింది.

రెండూ అబద్ధాలే. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చున్నది అందుకే. ఆవిడ ఎవరితోనూ సర్దుకుపోలేదు. నాతో అసలు సర్దుకుపోలేదు. నా బతుకులో ఒక సంవత్సరం ఆవిడ వల్ల పోయింది. ఆ సంగతి చెప్పకుండా ఆవిడ గురించి ఎంత చెప్పినా అది ఆ హాల్లో ఉపన్యాసం లాగే ఉంటుంది.

మేడమ్ మాకు మైక్రోబయాలజీ చెప్పేవారు. వాళ్ల నాన్నగారు రైల్వేలో గార్డు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి రాయగడ క్వార్టర్లలో స్థిరపడిపోయిన కుటుంబం. ఆవిడ క్లాసులో ఇంగ్లీషు, ఆఫీసులో ఒడియా, కోపం వస్తే శ్రీకాకుళం తెలుగు మాట్లాడేవారు. కాబట్టి మేము ఎక్కువగా విన్నది శ్రీకాకుళం తెలుగే. బాగా పొట్టి. ఆవిడ పాఠం చెప్పి వెళ్లాక చూస్తే బోర్డు పైసగం ఎప్పుడూ ఖాళీగా ఉండేది. చేతిసంచిలో కళ్లద్దాలూ అరటిపండూ ఉన్నా లేకపోయినా పురికొస ఉండ ఒకటి తప్పకుండా ఉండేది.

పురికొస కరెంటు కోసం. వేసవిలో కరెంటు పోయిందంటే ల్యాబు ఫ్రిజ్ వట్టి బీరువా. అప్పుడు అటెండరు బ్యాక్టీరియా గొట్టాలన్నీ బయటికి తీసి, తడి ఇసుక పోసిన కుండలో గుచ్చేవాడు. తడికి గొట్టాల మీద సిరా చెరిగిపోతుంది. అందుకని మేడమ్ తన సొంత గొట్టాల మెడకి పురికొస ముడి వేసేవారు. దారం ఉన్నవి ఆవిడవి, దారం లేనివి మావి. దారం ఉన్నదాన్ని ముట్టుకున్న చెయ్యి విరిచేస్తానని మొదటిరోజే చెప్పారు. ఆ సొంత గొట్టాల్లో ఏముందో మాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

బ్యాక్టీరియాలోకి దూరి బతికే వైరస్‌లు కొన్ని ఉంటాయి. వాటిని ఫేజ్‌లంటారు. అవి ఏ బ్యాక్టీరియాలోకి దూరితే దాన్ని పుస్తకాల్లో 'హోస్ట్' అని రాస్తారు. ఆ మాట దగ్గరే ఆవిడకి ఒళ్లు మండేది.

"హోస్టంట! ఎవులు పిలిసేరు దీన్ని బోజనానికి? గోడకి కన్నం ఏసి దూరినోడికి మర్యాదలేటి?"

తర్వాత బోర్డు కిందిసగంలో ఒక గుండ్రం గీసి, లోపల ఒక మెలిక గీత గీసేవారు. "ఇది వైరసు డి.ఎన్.ఏ. లోపలికి వచ్చినాది ఇదొక్కటే. ఏటేటి సెయ్యాలో రాసున్న కాయితం అనుకోండి. వండుకోడానికి గిన్నె లేదు, గరిటె లేదు, పొయ్యి లేదు. అన్నీ ఈ ఇంట్లోవే వాడుకుంటాది."

ఒకరోజు నన్ను లేపి, వైరస్ తన డి.ఎన్.ఏ.కి నకలు ఎలా తీయించుకుంటుందో చెప్పమన్నారు. తెలీదు మేడమ్ అన్నాను.

"మీ ఇంట్లో ఏటి యాపారం?"

"సింతపండు మేడమ్."

బిస్సమ్ కటక్ సంత నుంచీ, నారాయణపట్న వైపు నుంచీ చింతపండు మా కొట్టుకి వచ్చేది. నాన్న దాన్ని బస్తాల్లో తొక్కించి విజయనగరం పంపేవాడు.

"బస్తాలు ఎవులు కుడతారు?"

"మా నాన్న మేడమ్."

"నువ్వేటి సేస్తావు?"

"మూతి పట్టుకుంటాను."

ఆవిడ మొహం విప్పారింది. వెంటనే నన్ను బోర్డు దగ్గరికి లాక్కెళ్లి అక్కడే నిలబెట్టి పాఠం చెప్పారు. వైరస్ తన కాగితం చూపించి ఒక కుట్టేవాణ్ని తయారు చేయించుకుంటుంది. దాని పేరు పాలిమరేజ్, డి.ఎన్.ఏ.కి నకలు కుట్టుకుంటూ పోయే ప్రోటీన్. కానీ ఆ కుట్టేవాడు నాలుగు కుట్లు వేసేసరికి దారం మీంచి జారిపోతాడు. మూతి పట్టుకునే మనిషి ఉండాలి. ఆ మనిషి వైరస్ దగ్గర లేడు. బ్యాక్టీరియా ఇంట్లో థయోరెడాక్సిన్ అని ఒక చిన్న ప్రోటీన్ తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. వైరస్ దాన్ని లాక్కొచ్చి మూతి పట్టిస్తుంది. అంతే, కుట్టేవాడు ఆగకుండా వేల కుట్లు వేసుకుంటూ పోతాడు.

"ఈ అమ్మి సదువుకునే పిల్ల. బస్తా పట్టడం ఈ అమ్మి అసలు పని కాదు గదా? అదీ అలాగే. దాని పని వేరే," అన్నారు నా భుజం మీద చెయ్యి వేసి. "ఇంకో వైరసున్నాది, అది మరీ సిగ్గులేనిది. డి.ఎన్.ఏ. పేటలు విప్పే ప్రోటీన్ని కూడా ఈ ఇంట్లోంచే పట్టుకొస్తాది. పట్టుకుని వదల్లేదు. వదిలిస్తే గానీ పని సాగదు. మరి ఎవులొచ్చి వదిలిస్తారనుకున్నారు? మళ్లీ ఈ ఇంటి ప్రోటీన్లే!"

క్లాసంతా నవ్వాం. ఆవిడ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో, "మరి మూతి పట్టేది పట్టనంటే ఏమవుద్ది మేడమ్?" అని అడిగారు.

ఆవిడ చాక్‌పీసు కింద పెట్టారు. "నకలు అవదు. కాయితం కాయితంలాగే పడుంటాది. అది గుర్తెట్టుకోండి. పట్టననొచ్చు."

మా దగ్గర ప్రాక్టికల్ రికార్డుకి ఒక ఆచారం ఉండేది. సీనియర్ల రికార్డు ఇంటికి తెచ్చుకుని, అందులో అంకెలు దించుకోవడం. ఫేజ్ ప్రాక్టికల్‌లో ప్లేటు నిండా బ్యాక్టీరియా పలచని పొరలా పరుచుకుంటుంది. వైరస్ పడి పెరిగిన చోటల్లా ఆ పొరలో గుండ్రంగా చిల్లు పడుతుంది. ఆ చిల్లులు లెక్కపెట్టి ఎన్ని ఉన్నాయో రాయాలి. మేము పదకొండు మందిమి, పదకొండు ప్లేట్లు, రికార్డులన్నిట్లోనూ ఒకటే అంకె. అది ఏ కాలంలో ఎవరు చూసిందో దేవుడికే తెలియాలి. మేడమ్ ఆ రికార్డులన్నీ పురికొసతో కట్టగట్టి బీరువా మీదికి గిరాటేశారు.

"సూసిందే రాయండి. ఏటీ కనపడకపోతే ఏటీ కనపళ్లేదని రాయండి. అదీ సూడ్డమే."

ఆ మాటే నా కొంప ముంచింది.

నన్ను ఎమ్మెస్సీకి పంపుతూ నాన్న ఒక షరతు పెట్టాడు. ఒకే ఒక్కసారి. తప్పితే ఇక కొట్టు. అందులో కఠినం ఏమీ లేదు, అవసరమే. అమ్మకి నడుం నొప్పి, వంగలేదు. కొట్లో కాటా చూసుకునే మనిషికి ఒక చెయ్యి వణుకు. నేను కాలేజీకి వెళ్లే రోజుల్లో కుట్టని బస్తాలు గోడ పొడవునా నోళ్లు తెరుచుకుని ఉండేవి. నేను పాసై ఉద్యోగంలో పడితే మనిషిని పెట్టుకుంటాడు, లేకపోతే నేనే ఆ మనిషిని.

పరీక్ష ముందురోజు కరెంటు లేదు. ఎవరి బ్యాక్టీరియా వాళ్లే కుండలోంచి తీసుకుని పెంచుకోవాలి. దారం లేని గొట్టం ఒకటి తీసుకున్నాను. మర్నాడు పదింటికి వైరస్ కలిపి ప్లేట్లు పోశాం. మా వైరస్ తొందరది, నాలుగైదు గంటల్లో చిల్లులు పెట్టేస్తుంది. మూడింటికి తీసి చూస్తే అందరి ప్లేట్లూ జల్లెడలయ్యాయి. నాది నున్నగా ఉంది. వెలుతురుకి ఎత్తి చూశాను, తిప్పి చూశాను, ఒక్క చిల్లు లేదు.

పక్కమ్మాయి "అరవై రాసీవే" అని గొణిగింది. నేను 'చిల్లులు లేవు' అని రాశాను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు నా ప్లేటు చూశాడు, నా మొహం చూశాడు. చెడ్డవాడు కాదు, పాపం జాలిపడ్డాడు. ఏదో ఒక అంకె వేసెయ్, పాస్ చేస్తాను అని హిందీలో మెల్లగా చెప్పాడు. దాచడం దేనికి, నేను వేశాను. 'చిల్లులు లేవు' కొట్టేసి అరవై రెండు అని రాశాను. రాస్తుంటే నాకు బస్తాలు కనిపించాయి, అంతే.

కాగితం మీద ఆయన సంతకం పక్కన మేడమ్ సంతకం కూడా పడాలి. ఆవిడ కాగితం తీసుకుని, ప్లేటు ఎత్తి చాలాసేపు చూశారు.

"ఈ అరవై రెండూ ఎక్కడున్నాయమ్మీ?"

ఎగ్జామినరు కల్పించుకుని, సంతకం పెట్టెయ్యండి, ఆ పిల్ల సంవత్సరం పోతుంది అన్నాడు. ఆవిడ కలం మూత పెట్టేసి, ఆయనకి అర్థం కాని తెలుగులో, నాకు వినిపించేలా అన్నారు.

"ఈ మూతి నాను పట్టను."

ఫెయిలయ్యాను.

ఆవిడని తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. ఒక్క సంతకం! పాతికేళ్లుగా అందరూ దించుకున్న అంకెలకి అక్కర్లేని నిజాయితీ నా ఒక్కదాని దగ్గరే కావలసి వచ్చిందా? ఇప్పటికీ ఆ సంవత్సరం తలుచుకుంటే నాకు మండుతుంది. ఆవిడ పోయారని ఆ మంట చల్లారిపోయిందని చెప్పను. నాన్న మాత్రం తిట్టలేదు. "అయిపోనాది గదా. రా, మూతి పట్టు," అన్నాడు. నేను పట్టుకున్నాను. ఆయన దబ్బనం పైకీ కిందకీ ఆడుతుంటే నేను గోనె అంచులు దగ్గరికి లాగుతూ ఉండేదాన్ని.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం మేడమ్ గొడుగు వేసుకుని కొట్టుకి వచ్చారు. నేను లేవలేదు. ఆవిడ కూర్చోలేదు. గుప్పిట విప్పి తెగిపోయిన పురికొస ముడి ఒకటి నాన్నకి చూపించారు. అటెండరు కుండ కడుగుతుంటే ఇసుకలో దొరికిందట.

"తప్పు నాదండీ," అన్నారు. "నా గొట్టం దారం ఊడిపోయి మీ అమ్మి సేతికి ఎల్లిపోనాది. దీపం కింద పెట్టి, ఒక్కో బ్యాక్టీరియా చుక్కని ఈనెపుల్లతో గీకి, నాలుగేళ్లు ఏరితే దొరికినాదండి అది. వైరసుని పెరగనివ్వని బ్యాక్టీరియా. మీ అమ్మి ప్లేటు మీద ఏటీ లేకపోడం నిజం. అరవై రెండే అబద్దం. పైవోళ్లకి రాసేను, తప్పు నాదని. ఫలితం మారదన్నారు. ఈ అమ్మిని మళ్లీ పంపండి."

నాన్న చేతులు జోడించాడు. "మేడమ్‌గారూ, అంత సదువుకున్నోరు ఇంతదూరం వచ్చి తప్పు నాదన్నారు, అది సాలు. గానీ నాకు మూతి పట్టీవోలు ఎవులున్నారు సెప్పండి? నా బస్తాలు వాటికవే కుట్టుకోవు గదా."

మేడమ్ గొడుగు మూసి గోడకి ఆనించారు. కొంగు నడుములో దోపుకున్నారు. వచ్చి, నా చేతుల్లోంచి బస్తా మూతి లాక్కున్నారు.

"నాను పడతాను."

"మీరా?"

"ఆదివారం ఆదివారం వస్తాను. వారం బస్తాలన్నీ ఆవేల కుట్టుకుందాం. అమ్మిని మాత్రం కాలేజీకి ఒగ్గీండి."

ఏదో ఆవేశంలో అన్నారనుకున్నాం. ఆవిడ ఆ సంవత్సరమంతా వచ్చారు. పొద్దున్నే వచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి, చింతపండు దుమ్ముకి తుమ్ముకుంటూ సాయంత్రం దాకా మూతులు పట్టేవారు. కాలేజీలో ఎవరో చూసి వెక్కిరించారు. లెక్చరరు బస్తాలు మోస్తోందన్నారు. "మొయ్యడం లేదు, పడతన్నాను. సూసిందే సెప్పు," అన్నారట. మూడో వారానికి నా కోపం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. దానికి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ రాదు.

ఆ ఆదివారాల్లో మా నాన్న ఫేజ్‌ల గురించి మా క్లాసు వాళ్లకంటే బాగా నేర్చుకున్నాడు.

"అంటే మేడమ్‌గారూ, ఆ పురుగు కూలికి ఎల్లనన్నాది."

"పురుగు కాదండి, బ్యాక్టీరియా."

"ఏదోటి. ఎల్లనన్నాదా లేదా?"

"అన్నాది."

"మరి వైరసు లోపలికి దూరీసినాక, పని సెయ్యననీదాన్ని బతకనిస్తాదేటి?"

మేడమ్ చేతులు వదిలేశారు. అంచులు విడిపోయి నాన్న దబ్బనం జారింది. రెండేళ్ల క్లాసులో ఆ ప్రశ్న మాలో ఒక్కరూ అడగలేదు. "రేపే సూద్దాం," అన్నారావిడ.

సోమవారం ఇద్దరం కలిసి చేశాం. మామూలుగా వైరస్ బాగా పలచన చేసి వేస్తాం. ఈసారి చిక్కగా, ప్రతి బ్యాక్టీరియా మీదా పడేంత పోశాం. బ్యాక్టీరియా దాదాపు అంతా చచ్చిపోయింది. అంటే వైరస్ లోపలికి దూరుతోంది. కానీ తర్వాత ఆ బ్యాక్టీరియా పెరిగిన నీళ్లలో వెతికితే కొత్త వైరస్‌లు పుట్టలేదు. మళ్లీ చేశాం, అదే. మూడోసారీ అదే.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ గుమ్మంలోంచే చెప్పారు. "సచ్చిపోతాదండి. వైరసు దూరినది సచ్చిపోతాది. గానీ దానికి పిల్లల్ని ఇవ్వదు. సుట్టుపక్కలోల్లు బతుకుతారు. అందుకే మీ అమ్మి ప్లేటుకి చిల్లు పడలేదు."

నాన్న దబ్బనం ఆపాడు. "గట్టిదే," అన్నాడు.

అయితే మూతి పట్టే ప్రోటీనే పాడైందని రాసేద్దాం మేడమ్ అని నేను గంతులేశాను. ఆవిడ ఒప్పుకోలేదు. "దూరినాది, అది తెలుసు. పెరగలేదు, అది తెలుసు. ఎక్కడ ఆగిందో తెలీదు. అనుమానం ఉన్నాది, దాన్ని అనుమానంగానే రాయి." నోటుపుస్తకంలో తెలిసింది రాసి, కింద అడ్డంగా ఒక గీత గీసి, మిగతా పేజీ ఖాళీగా వదిలేశారు. ఆవిడ పుస్తకాలన్నీ అలాగే ఉంటాయి. ఆ ప్రోటీన్‌ని పరీక్షించే సరంజామా మా కాలేజీలో లేదు. ఉన్నచోట్లకి ఆవిడ ఉత్తరాలు రాశారు, జవాబులు రాలేదు. ఆవిడా రాయడం మానలేదు.

రెండోసారి పరీక్షకి నేను రెండు ప్లేట్లు పోశాను. ఒకటి మామూలు బ్యాక్టీరియాతో, ఒకటి ఆవిడ గొట్టంలోదానితో. కొత్త ఎగ్జామినరు ఈ రెండోది దేనికి అని అడిగాడు. పోయిన సంవత్సరం నేను ఫెయిలయింది ఇదే సార్ అన్నాను. మొదటిదాని చిల్లులు చూసినన్ని రాశాను, రెండోదానికి చిల్లులు లేవు అని రాసి, ఎందుకో మాకు ఎంతవరకు తెలుసో చెప్పి, కింద గీత గీశాను. మేడమ్ సంతకం చేశారు. ఎప్పుడూ మూలకి చిన్నగా గీకే మనిషి, ఆ రోజు రెండు గడులు దాటించి పెట్టారు.

ఇక నా ఉద్యోగంలో ఒకసారి, పాత రిపోర్టు అంకెలే మళ్లీ దించి ఇచ్చెయ్యమన్నారు మా పైవాళ్లు. పట్టనన్నాను. కొన్నాళ్లు స్టోర్ రూములో పడేశారు. ఫోనులో ఏడిస్తే ఆవిడ ఓదార్చలేదు. "స్టోర్లో ఫ్రిజ్ ఉన్నాదా?" అని అడిగారు. ఉంటే గొట్టాలు పెట్టుకోవచ్చని ఆవిడ ఆలోచన. రిటైరయ్యాక కూడా నెలకోసారి కాలేజీకి వెళ్లి ఆ బ్యాక్టీరియాని కొత్త గొట్టంలోకి మార్చి, కొత్త దారం కట్టి వచ్చేవారు. మీకు ఇక్కడేం పని అని ఎవరో అడిగితే, "నాకు లేదు, దానికున్నాది," అన్నారట.

శనివారం సంతాప సభలో వడలూ టీలూ నడుస్తుండగా నేను ల్యాబుకి వెళ్లాను. అటెండరు అప్పటికే గొట్టం వెతికి పక్కన పెట్టాడు. దారం మాసిపోయింది. "మోకాళ్ల నొప్పులని మూడు నెలలై రాలేదమ్మా. బతికున్నాదో లేదో నాకు తెల్దు," అన్నాడు. కొత్త ఇన్‌ఛార్జి మర్యాదస్తుడే. జాబితాలో లేనివి ఉంచకూడదండీ, దీని మీద పేరు కూడా లేదు, అన్నాడు. దారం ఉంది కదా అన్నాను. ఆయన అటెండరు వైపు చూశాడు, అటెండరు కిటికీ వైపు చూశాడు. చివరికి ఒక కాగితం ఇచ్చి, తీసుకెళ్తున్నది ఏమిటో రాసి సంతకం పెట్టమన్నాడు. 'వైరస్ దూరినా పెరగనివ్వని బ్యాక్టీరియా. ఎక్కడ ఆపుతుందో తెలియదు' అని రాసి, కింద అడ్డంగా గీత గీసి, పెద్ద సంతకం పెట్టాను. అటెండరు ఆవిడ వైరస్ సీసానీ, మామూలు బ్యాక్టీరియా గొట్టం ఒకటీ, సగం అయిపోయిన పురికొస ఉండా నా సంచిలో పెట్టాడు.

స్టేషనుకి వెళ్తూ కొట్టు దగ్గర ఆగాను. నాన్న ఇప్పుడు కుట్టడం లేదు, మనుషుల్ని పెట్టుకున్నాడు. గొట్టాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు.

"బతికున్నాదేటి?"

"తెలీదు నాన్నా."

"ఆవిడ పట్టుకుంటే ఒక్క కుట్టూ తిన్నగా రాలేదు," అన్నాడు. "అలాగని ఒక్క బస్తా మూతీ దారిలో ఇడిపోలేదు."

సోమవారం నా ల్యాబులో, నా భోజనం వేళలో, గొట్టంలోంచి తీగతో గీకి ప్లేటు మీద గీశాను. మంగళవారం ఏమీ లేదు. ఇంకో ప్లేటు గీశాను. బుధవారం ఏమీ లేదు. వెనకాల ఎవరూ లేరన్న ఆ హాలు గొంతు చెవిలో వినిపిస్తుంటే పళ్లు కొరుక్కుంటూ గొట్టం అడుగంటా గీకి మూడో ప్లేటు గీశాను. గురువారం పొద్దున్న ప్లేటు అంచున ఆవగింజంత చుక్క, పక్కనే ఇంకోటి. ల్యాబులో అందరూ ఉన్నారు. అయినా ఏడ్చాను.

శుక్రవారం, అంటే ఆవిడ పోయి సరిగ్గా వారానికి, దాన్ని పెంచి ఒక ప్లేటు నిండా పరిచాను. పక్క ప్లేటులో మామూలు బ్యాక్టీరియా. రెండిటి వెనకా, ఒకేచోట, పెన్నుతో చిన్న గుండ్రం గీసి, ఆ గుండ్రంలో పలచన చేసిన వైరస్ ఒక్కో చుక్క పెట్టాను. మూడింటికి తీశాను. మామూలు ప్లేటులో గుండ్రం ఉన్నచోట పొర కరిగిపోయి, అడ్డుగా చెయ్యి పెడితే చేతి గీతలు కనిపిస్తున్నాయి. రెండోది కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుతురుకి ఎత్తాను. వెనక గీసిన గుండ్రం లేకపోతే చుక్క ఎక్కడ పెట్టానో నాకే తెలిసేది కాదు. గుండ్రం బయట ఎలా ఉందో లోపలా అలాగే ఉంది, నున్నగా, బూడిదరంగుగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.